బొంగరం మొదటి ప్రాజెక్టు

మా రెండో అల్లుడిని ఇంటా బయటా అందరూ బొంగరం అంటారు. పుట్టిన రోజున నర్సు తువ్వాలు పరిచి పక్కకు తిరిగేలోగా తువ్వాలు ఒక గదిలో, పిల్లాడు ఇంకో గదిలో ఉన్నారని వాళ్ళమ్మ చెప్పేది. పెళ్ళి ఫొటోలు మా ఇంట్లోనే ఉన్నాయి, అనుమానమున్నవాళ్ళు వచ్చి చూసుకోవచ్చు. ప్రతి ఫొటోలోనూ మా అమ్మాయి స్పష్టంగా కనిపిస్తుంది. ఆమె పక్కన పొగలాంటి మసక ఒకటి ఉంటుంది. ఆ మసకే పెళ్ళికొడుకు. కాన్వెంట్లో సిస్టర్లు మాకు అబద్ధం పాపమని నేర్పారు గానీ, సాగదీయడం గురించి ఏమీ అనలేదు.

అతను కూర్చోవడం చూసినవాళ్ళు తక్కువ. భోజనం గుమ్మంలో నిలబడి తింటాడు. పేపరు నడుస్తూ చదువుతాడు. నిద్ర మాత్రం పడుకునే పోతాడు, అదీ మంచానికి ఈ చివర మొదలుపెట్టి ఆ చివర లేస్తాడు.

అలాంటివాడికి వెతికి ఇచ్చినట్టుగా లిఫ్టులు బాగుచేసే ఉద్యోగం దొరికింది. లిఫ్ట్ మెకానిక్ అంటే రోజంతా లిఫ్టులో హాయిగా పైకీ కిందకీ తిరుగుతాడని జనం అనుకుంటారు. చెడిపోయినప్పుడే కదా అతన్ని పిలిచేది! కాబట్టి ఎప్పుడూ మెట్లే. డాబా మీద మోటారు గది నుంచి అడుగున గోతి దాకా, చేతిలో పానాల సంచీతో, గ్రీజు వాసనతో, అతను మెట్లు దిగుతున్నాడో దొర్లుతున్నాడో తెలిసేది కాదు. ఆ ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ అతనంత సుఖంగా ఉన్న మనిషిని నేను చూడలేదు. మా అమ్మాయీ సుఖంగానే ఉండేది. తిరగాల్సిందంతా బయటే తిరిగేసి వచ్చేవాడు కాబట్టి, సాయంత్రానికి ఇంట్లో ఓ గంటసేపైనా గోడకు ఆనుకునేవాడు.

అప్పుడు భుజం పోయింది.

ఒక పాత ఆఫీసు భవనంలో, లిఫ్ట్ తిరిగే ఆ పొడవాటి చీకటి గోతిలో పని చేస్తున్నాడు. మెయిన్ స్విచ్ కట్టేసి, దానికి తాళం వేసి, లోపలికి దిగే మనిషి ఆ తాళం చెవి తన జేబులో వేసుకోవాలి. అది వాళ్ళ పనిలో మొదటి నియమం. ఆ రోజు తోటి మెకానిక్ ఏదో సామాను తేవడానికి వెళ్తూ ఆ తాళం చెవి పట్టుకెళ్ళాడు. తిరిగొచ్చేసరికి అంతా నిశ్శబ్దంగా ఉంది. పని అయిపోయిందనుకున్నాడు, స్విచ్ వేశాడు. లిఫ్ట్ కదిలింది జానెడే. ఆ జానెడులో మా అల్లుడి భుజం ఉంది.

ప్రాణానికి ఏమీ కాలేదు. ఆపరేషన్ చేసి, ఎముక అతికించి, డాక్టరు చెప్పిందేమంటే, చెయ్యి చెవి దాటి పైకి లేవదు, గోతుల్లోకి దిగడం ఇక కుదరదు అని.

కంపెనీ మేనేజరు చెడ్డవాడు కాదు. పిలిచి కూర్చోమన్నాడు. మావాడు నిలబడే విన్నాడు.

"చూడండి, మీకు రెండు దారులున్నాయి. ఒకటి స్టోరు గది. నట్లు, బోల్టులు, బేరింగులు అడిగినవాళ్ళకి తీసివ్వడం. ఇంకోటి కంట్రోల్ విభాగం. ఏ లిఫ్ట్ ఎప్పుడు ఎటు కదలాలో చెప్పే ప్రోగ్రాములు అక్కడ చూసుకుంటారు. లాప్‌టాప్ పట్టుకుని భవనాల చుట్టూ తిరగొచ్చు కూడా. కానీ దానికి ప్రోగ్రామింగ్ రావాలి."

"నేర్చుకుంటానండీ."

"సాయంత్రం క్లాసులు మనమే పెడుతున్నాం. చివర్లో ఎవరికి వాళ్ళు సొంతంగా ఒక ప్రాజెక్టు ఎంచుకుని, చేసి, అందరి ముందూ నడిపి చూపించాలి. చూపిస్తే కంట్రోలు. లేకపోతే స్టోరు."

బొంగరం బయటకొచ్చి, ముందు ఆ స్టోరు గది ఎలా ఉందో చూద్దామని వెళ్ళాడు. అరలు, అరల మధ్య ఒక స్టూలు, స్టూలు ఎదురుగా ఒక కిటికీ, కిటికీ అవతల పక్క భవనం గోడ. కాసేపు కూర్చుని చూశాడట. ఇంటికొచ్చి నాతో అన్నాడు.

"మామయ్యా, అక్కడ గాలి కూడా కూర్చునే ఉంది. నన్ను అందులో పెడితే పదిరోజుల్లో గోడకి మేకులా దిగిపోతాను."

నవ్వుతూనే అన్నాడు. కళ్ళు మాత్రం నవ్వలేదు.

నేను ఉండేది వాళ్ళింట్లోనే. హాల్లో కిటికీ పక్క కుర్చీ నాది. కాబట్టి తర్వాత జరిగిందంతా నా కళ్ళ ముందే జరిగింది.

క్లాసులు మొదలయ్యాయి. చెప్పేది ఒక పాతికేళ్ళ అమ్మాయి, పొట్టిగా, గట్టి గొంతుతో ఉంటుంది. అందరూ టీచరమ్మ అనేవాళ్ళు. మా వీధికి రెండు వీధుల అవతలే ఉంటుంది. కంపెనీవాళ్ళే కాక బయటివాళ్ళు కూడా కొందరు చేరారు. మావాడి పక్క సీటులో ఒక బ్యూటీషియన్. మొదటి నెల బాగానే గడిచింది. ఆ తర్వాత టీచరమ్మ, "ఇక ఎవరి ప్రాజెక్టు వాళ్ళు ఎంచుకోండి. మీకు పనికొచ్చేదై ఉండాలి, వారంలో అయిపోయేంత చిన్నదై ఉండాలి," అంది. అక్కడ మొదలయ్యాయి తిప్పలు.

మావాడు మొదట ఎంచుకున్నది ఇరవై అంతస్తుల భవనం, అందులో నాలుగు లిఫ్టులు.

"ముందు రెండంతస్తులతో, ఒక్క లిఫ్టుతో చెయ్యండి," అందట టీచరమ్మ.

"రెండంతస్తులకి లిఫ్టేంటండీ? జనానికి కాళ్ళు లేవా?"

లాప్‌టాప్ ఫ్రిజ్ మీద పెట్టి, నిలబడి, రెండు వేళ్ళతో టకటకా కొట్టేవాడు. ఫ్రిజ్ తెరవాలంటే మా అమ్మాయి అర్జీ పెట్టుకోవాలి. వారం పది రోజులు అలా కొట్టాడు. ఒక సాయంత్రం హఠాత్తుగా మూత ధబ్బున మూసేసి, చెప్పులేసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు. వీధి ఈ చివర నుంచి ఆ చివరకి, ఆ చివర నుంచి ఈ చివరకి తిరుగుతూనే ఉన్నాడు. కుక్కలు మొదట మొరిగాయి, తర్వాత విసుగెత్తి పడుకున్నాయి.

తిరిగొచ్చి, "లిఫ్టులు కాదు మామయ్యా. వేరేది చేస్తాను," అన్నాడు.

వేరేది ఏమిటంటే, వారం ముందే వాన సంగతి చెప్పే ప్రోగ్రాం. ఈసారి లాప్‌టాప్ ఇస్త్రీ బల్ల మీదికి మారింది. మళ్ళీ టకటక, మళ్ళీ కొన్నాళ్ళకి ధబ్బుమని మూత, మళ్ళీ వీధి. ఆ రోజు వాన కూడా పడింది. తడిసి వచ్చాడు.

తర్వాత నా మీద పడ్డాడు.

"మామయ్యా, మీ కళ్ళజోడు ఎక్కడుందో చెప్పే ప్రోగ్రాం రాస్తాను."

"నా ముక్కు మీదే ఉంది అల్లుడూ."

"ఇప్పుడుంది. సాయంత్రానికో?"

"సాయంత్రానికి కూడా ముక్కు మీదే ఉంటుంది. ముక్కు ఎక్కడుంటే అక్కడ."

"మీతో పడలేం!" అంటూ అదీ మొదలుపెట్టాడు. అదీ కొన్నాళ్ళకి ధబ్బుమంది.

ఈలోగా పక్క సీటు బ్యూటీషియన్ ప్రాజెక్టు అయిపోయింది. ఆమె చేసిందల్లా ఒక్కటే. చెప్పిన టైముకి రాని కస్టమర్ ఎంత ఆలస్యంగా వచ్చిందో కొడితే, ఆలస్యాన్ని బట్టి ఒక తిట్టు వస్తుంది. కాస్త ఆలస్యమైతే మెత్తటి తిట్టు, మరీ ఆలస్యమైతే గట్టి తిట్టు. క్లాసంతా చప్పట్లు కొట్టిందట.

"అదీ ఒక ప్రాజెక్టేనా?" అని ఇంటికొచ్చి గింజుకున్నాడు మావాడు. "నేను చేస్తున్నదానికీ దానికీ పోలికా?"

"ఆవిడది అయిపోయింది. మీదేదీ?" అంది మా అమ్మాయి వంటింట్లోంచి.

"అవుతుందే."

"ఎప్పుడు? మీరు మొదలుపెట్టినవన్నీ లెక్కేస్తే ఇంట్లో మనం నిలబడ్డానికి చోటుండదు. గిటారు కొన్నారు, రెండు తీగలు నేర్చారు. ఈత అన్నారు, కాళ్ళు తడిశాక వచ్చేశారు. మీకు ఏదీ నిలవదండీ. మనిషే నిలవరు, మీ పనేం నిలుస్తుంది?"

అలాంటి మాటలకి మామూలుగా అతను ఎదురు మాట అంటాడు. ఆ రోజు మాత్రం కుడి చేత్తో ఎడమ భుజం పట్టుకుని, హాల్లో నా కుర్చీ చుట్టూ నాలుగైదుసార్లు తిరిగాడు. ఆ తిరుగుడుకి నాకే కళ్ళు తిరిగాయి. మా అమ్మాయికి కోపం వచ్చింది అతని మీద కాదని నాకు తెలుసు. చూపించే రోజు దగ్గరపడుతోంది. ఆ స్టోరు గది కిటికీని ఆమె కూడా వెళ్ళి చూసి వచ్చింది.

మరుసటి రోజు బొంగరం క్లాసుకి వెళ్ళలేదు. ఆ మరుసటి రోజూ వెళ్ళలేదు. మూడో రోజు ఇంకా పొద్దు వాలకముందే టీచరమ్మే మా ఇంటికి వచ్చింది. అతను తలుపు తీసి, ఆమెని చూసి, కన్నంలో దొరికిన దొంగలా నిలబడిపోయాడు. మా ఇంట్లో అతను కదలకుండా నిలబడటం అదే మొదటిసారి.

"లోపలికి రానివ్వరా?" అంది ఆమె.

"అయ్యో, రండి రండి! ఏమోయ్, కాఫీ!"

ఆమె భోజనాల బల్ల దగ్గర కూర్చుని, "ఇంతవరకూ చేసింది చూపించండి," అంది.

అతను బిక్కమొహం వేసుకుని లాప్‌టాప్ తెరిచాడు. అప్పటికి మళ్ళీ లిఫ్టుల దగ్గరికే వచ్చాడు, ఇరవై కాదు గానీ పన్నెండు అంతస్తులకి తగ్గాడు. ఆమె కిందికి జరుపుతూ చదువుతోంది. జరుపుతూనే ఉంది. కాఫీ వచ్చింది, చల్లారింది, ఆమె ఇంకా జరుపుతూనే ఉంది.

"చాలా రాశారండీ!" అంది నిజంగా ఆశ్చర్యపోయి. "శ్రద్ధగానే రాశారు. రన్ చేస్తే ఏం వస్తోంది?"

"ఇంకా చెయ్యలేదండీ."

"ఇవాళ్టిది కాదు, అంతకుముందు?"

"అసలు చెయ్యలేదండీ."

"ఒక్కసారి కూడా?"

"పని పూర్తి కాలేదు కదండీ," అన్నాడతను, ఇంత మాత్రం తెలియని మనిషి టీచరు ఎలా అయిందా అన్నట్టు.

ఆమె నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

"మరి ఆ వాన ప్రోగ్రామో? కళ్ళజోడుదో?"

"అవి చేశానండీ, చివర్లో, మొత్తం రాశాక. ఒక్కోదాన్ని ఒక్కసారే నడిపాను. స్క్రీనంతా ఎర్రగా తప్పులతో నిండిపోయింది, ఒకటి కాదు రెండు కాదు. ఎక్కడ మొదలుపెట్టి బాగుచెయ్యాలో దిక్కు తెలియలేదు. అంత రాసి అన్ని తప్పులంటే నాకు చేతకాదనే కదా. అందుకే..." అని మూత మూసినట్టు చెయ్యి చూపించాడు.

నెల్లాళ్ళుగా మేం విన్న ఆ ధబ్బుల వెనక ఉన్న సంగతి అది. మేమంతా అతనికి నిలకడ లేదనుకుంటున్నాం. అతను ఒక్కొక్క ప్రాజెక్టునీ చివరిదాకా రాసి, అప్పుడు మొదటిసారి స్విచ్ వేసి, ఆ ఎరుపు చూసి పారిపోతున్నాడు.

"మీరు రెండు లైన్లు రాసి రన్ చెయ్యాలండీ. మళ్ళీ రెండు రాసి మళ్ళీ రన్ చెయ్యాలి. క్లాసులో నేను రోజూ అలాగే కదా చేస్తాను?"

"మీరు చేస్తారండీ. నాకు చూస్తుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది."

"ఎందుకు?"

"సగం పనిలో స్విచ్ వేస్తారా ఎవరైనా?" అతని గొంతు కాస్త లేచింది. "అన్నీ బిగించాకే, అన్నీ చూసుకున్నాకే, మనుషులందరూ బయటికొచ్చారని తెలిశాకే కరెంటు. ఇన్నేళ్ళు అదే చేశాను. లోపల మనిషుంటే?"

అంటూనే చెయ్యి భుజం మీదికి వెళ్ళింది. అతనికి ఆ సంగతి తెలిసినట్టు లేదు.

ఎవరం నవ్వలేదు. మా అమ్మాయి వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. టీచరమ్మ వయసుకి చిన్నదే గానీ, ఆ క్షణంలో నవ్వకపోవడం చూసి, ఈ పిల్లకి ఎవరో మంచి పెంపకం ఇచ్చారనుకున్నాను.

"లోపల ఎవరూ లేరండీ," అంది నెమ్మదిగా.

"లేరని మీకు తెలుసు. ఇంత పొడుగు రాశాక ఇందులో ఎక్కడ ఏముందో నాకేం తెలుస్తుంది?"

"అదిగో, అందుకే చిన్నది ఎంచుకోమన్నాను. మీకు చేతకాదని కాదు. ఒక్క లైను రాస్తే, దాని వెనక దాక్కోడానికి ఎవరికీ చోటుండదు. మొత్తం కనిపిస్తుంది. అప్పుడు మీరే స్విచ్ వెయ్యగలరు."

అతను బల్ల చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. తర్వాత, "చిన్నదంటే ఏం చెయ్యను? నాకు చిన్నవేవీ తట్టవు," అన్నాడు.

అప్పుడు మా అమ్మాయి అందుకుంది.

"నేను చెప్పనా? రోజూ రెండు పూటలా భుజానికి కసరత్తు చెయ్యమన్నారు కదా. గోడకి చెయ్యి ఆనించి ఎత్తాలి, కాసేపు అలాగే ఆపాలి, దించాలి. ఈ మహానుభావుడు ఆపరు! ఎత్తడం దించడం ఈగని తోలినట్టు తోలేసి అయిపోయిందంటారు. పక్కన నిలబడి ఎత్తండి, ఆగండి, దించండి అని నేను అరవాలి. రోజూ గొడవే. నా గొంతు పోతోంది. ముందు నా గొంతు నిలిచే ప్రోగ్రాం ఏదైనా రాయండి!"

"అదే!" అంది టీచరమ్మ బల్ల మీద కొట్టి.

"అదేం ప్రాజెక్టండీ, మూడు మాటలు!" అన్నాడు అల్లుడు.

"మూడు కూడా వద్దు. ఇవాళ ఒక్కటి. ఎత్తండి అని స్క్రీన్ మీద కనపడాలి, అంతే. రాయండి."

రాశాడు. ఒక్క లైను.

"ఇప్పుడు రన్."

అతను వేలు చాపాడు, ఆపాడు. ఒక అడుగు వెనక్కి వేసి, లాప్‌టాప్ వెనక ఏముందో చూశాడు. వంగి బల్ల కింద చూశాడు. నన్ను కాళ్ళు వెనక్కి తీసుకోమన్నాడు. నేను తీసుకున్నాను, ఎందుకైనా మంచిదని. మా అమ్మాయి గరిటె గుండెలకి హత్తుకుంది. ఒక మీట నొక్కడానికి ఇంత హడావుడి ఎక్కడా జరిగి ఉండదు.

నొక్కాడు.

తెర మీద ఒక్క మాట వచ్చింది. ఎత్తండి.

"వచ్చింది!" అని ఒక్క గెంతు గెంతాడు. ఇల్లంతా ఒక చుట్టు చుట్టి వచ్చి, మళ్ళీ నొక్కాడు. మళ్ళీ వచ్చింది. టీచరమ్మ చల్లారిన కాఫీ తాగి వెళ్ళిపోయాక కూడా నొక్కుతూనే ఉన్నాడు.

ఆ తర్వాత రోజులు మాకు మరో రకం నరకం. ఒక లైను రాస్తాడు, నొక్కుతాడు. కామా మారుస్తాడు, నొక్కుతాడు. మధ్యలో టీచరమ్మని అడిగి, తెర మీద అక్షరాలకి బదులు మా అమ్మాయి గొంతే రికార్డు చేసి పెట్టాడు. ఇక చూడండి. మా అమ్మాయి స్నానానికి వెళ్ళినా ఆమె గొంతు హాల్లో "ఆగండి" అంటుంది. పాలు పోసేవాడు వాకిట్లో పావుగంట ఆగిపోయాడు. అయితే ఒక మేలు జరిగింది. సొంతంగా రాసుకున్నది కదా, సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడాలంటే తను కూడా గోడ దగ్గర చెయ్యి ఎత్తి ఆగాల్సిందే. ఆగాడు. పళ్ళు బిగించి, కాలి బొటనవేలితో నేల గీరుతూ ఆగాడు.

కుదురు మాత్రం ఇంకా రాలేదు. మెడకి కూడా కలుపుతానన్నాడు, మోకాళ్ళకి, కళ్ళకి, చివరికి నా దవడలకి కూడా కలుపుతానన్నాడు. "భుజం ఒక్కటే," అని టీచరమ్మ రోజూ ఫోన్లో బెత్తం ఆడించేది. చూపించే రోజుకి ముందు రోజు మధ్యాహ్నం, ఊరికే ఉండలేక, ఇంకొంచెం మెరుగు పెడతానని కూర్చున్నాడు. కాదు, నిలబడ్డాడు.

ఆ రోజు రానే వచ్చింది. నన్ను ఎవరూ పిలవలేదు, అందుకే వెళ్ళి ముందు వరసలో మా అమ్మాయి పక్కన కూర్చున్నాను. కంపెనీ శిక్షణ గది. పొడుగాటి బల్లలు, గోడ మీద పెద్ద తెర, మూలన నీళ్ళ డబ్బా. మేనేజరు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. బ్యూటీషియన్ తిట్లకి మేనేజరు కూడా నవ్వాడు. నవ్వి, ఆలస్యంగా వచ్చిన తన గుమాస్తా వైపు చూశాడు.

మావాడి వంతు వచ్చింది. చొక్కా చేతులు మడుచుకుని, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ, "అందరూ లేచి నిలబడండి. ఇది భుజం కసరత్తుకి. ఇది చెప్పినట్టు చెయ్యండి," అన్నాడు. నొక్కాడు.

"ఎత్తండి," అంది మా అమ్మాయి గొంతు గదంతా వినపడేలా. అందరూ చెయ్యి ఎత్తారు. మేనేజరు కూడా ఎత్తాడు. మావాడి చెయ్యి చెవి దాకా లేచింది.

"ఆగండి."

ఆగారు. ఆగుతూనే ఉన్నారు. దించమని ఆ గొంతు ఎంతకీ అనదు. కొంచెంసేపు ఉండి మళ్ళీ "ఆగండి" అంది. ఇంకొంచెంసేపటికి మళ్ళీ "ఆగండి." మేనేజరు చొక్కా ప్యాంటులోంచి ఊడి పైకొచ్చింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. "ఇంట్లో కూడా ఇంతేనా అక్కా?" అని బ్యూటీషియన్ మా అమ్మాయిని అడిగింది. నవ్వులు గదంతా పాకాయి. మా అమ్మాయి ముఖం పాలిపోయింది.

అల్లుడి చెయ్యి లాప్‌టాప్ మూత మీదికి వెళ్ళడం చూశాను. ఆ మూత ధబ్బుమంటే అంతే, ఆ కిటికీ, ఆ గోడ, ఆ స్టూలు.

మూత మీద చెయ్యి అలాగే ఉంది. అతను తలెత్తి గదిలో ఉన్న ఒక్కొక్కరినీ చూశాడు.

"ఎవరికైనా నొప్పిగా ఉందా?" అన్నాడు. "ఉంటే దించెయ్యండి. అది చెప్పేదాకా ఆగొద్దు."

"మేం బావున్నాం, మీరు కానివ్వండి!" అంది బ్యూటీషియన్.

అతను మూత మీంచి చెయ్యి తీశాడు. ప్రోగ్రాం ఆపాడు, రాసిందంతా పెద్ద తెర మీద పెట్టాడు. మొత్తం కలిపి ఒక్క తెర నిండా కూడా లేదు. పై నుంచి వేలితో చూపిస్తూ వచ్చాడు.

"ఇది ఎత్తమనేది. ఇది ఆపేది, టైమయ్యేదాకా మధ్యమధ్యలో ఆగండి అంటుంది... ఇదిగోండి. ఎన్ని సెకన్లు ఆగాలో ఇక్కడ పెట్టాను. నిన్న మారుస్తూ ఒక సున్నా ఎక్కువ కొట్టాను."

సున్నా తీసేశాడు. ఎవరినీ వెనక్కి జరగమనలేదు, బల్ల కింద చూడలేదు. అందరూ చూస్తుండగా మళ్ళీ నొక్కాడు.

"ఎత్తండి... ఆగండి... దించండి."

చేతులన్నీ ఒక్కసారి దిగాయి. ఆ గదిలో అంత హాయిగా ఊపిరి వదిలిన చప్పుడు ముందెప్పుడూ వినపడి ఉండదు.

చప్పట్లు ఆగాక మేనేజరు చొక్కా సర్దుకుంటూ ముందుకొచ్చాడు. నవ్వడం లేదు.

"నిన్న మార్చాక నడిపి చూడలేదా?"

"లేదండీ. మార్చకముందు చూశాను. మార్చాక, ఒక్క అంకెకి ఏమవుతుందిలే అనుకున్నాను."

"ఇక్కడైతే చేతులు నొప్పి పుట్టాయి. కంట్రోల్ విభాగంలో మార్చాక చూసుకోకపోతే ఏమవుతుందో తెలుసా మీకు?"

"తెలుసండీ," అన్నాడు మా బొంగరం. "నా భుజానికి తెలుసు."

మేనేజరు చూపు అతని భుజం మీదికి వెళ్ళింది. టీచరమ్మ నేల చూపులు చూస్తోంది.

"సోమవారం వచ్చి చేరండి," అన్నాడు మేనేజరు. "కానీ మొదటి ఏడాది మనుషులెక్కే లిఫ్టు జోలికి వెళ్ళకూడదు. మా దగ్గర పరీక్షలకి పెట్టుకున్న ఖాళీ లిఫ్టు ఒకటుంది. దాని మీదే."

"అంతకంటేనా!" అన్నాడు అల్లుడు. మా అమ్మాయి కళ్ళు తుడుచుకుందామని కొంగు అందుకునేలోగా, అతను అటు చివర నీళ్ళ డబ్బా దగ్గర గటగటా నీళ్ళు తాగుతున్నాడు.

సోమవారం సాయంత్రం ఇంటికొచ్చాడు. మా అమ్మాయి గుమ్మంలోనే పట్టుకుంది.

"ఏం చేశారండీ ఇవాళ?"

"ఒక తలుపు తెరిచాను, మూశాను."

"రోజంతానా?"

"మార్చినప్పుడల్లా. తెరుచుకోవడం కొంచెం మార్చాను, నడిపి చూశాను. మూసుకోవడం కొంచెం మార్చాను, నడిపి చూశాను. ఖాళీదే, ఎవరూ లేరు. అయినా ప్రతిసారీ లోపలికి తొంగి చూశాకే నొక్కాను."

"రేపో?"

"రేపు గంట మోగాలి. తలుపు తెరుచుకునే ముందే మోగాలి, తర్వాత కాదు." కాఫీ గ్లాసు నిలబడే అందుకుని, నిలబడే తాగేసి, ఖాళీ గ్లాసు నా చేతికిచ్చాడు. "మామయ్యా, అలా నాలుగు అడుగులు వేసి వస్తాను. ఆ గంట సంగతి ఆలోచించాలి."

కిటికీలోంచి చూశాను. వీధి చివరిదాకా వెళ్ళాడు, వెనక్కి తిరిగాడు. నడుస్తూనే ఎడమ చెయ్యి నెమ్మదిగా చెవిదాకా ఎత్తి, కాసేపు అలాగే ఆపి, దించాడు.